ఎద రాకముందే తేల్చుకోవలసిన సంగతి

(ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ దగ్గరి ఒక గ్రామంలో, ఒకటి రెండు ఆవులున్న కుటుంబాలవారు ముక్కనుమనాడు కూడిన సభలో ఒక విశ్రాంత లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, అమ్మలకు, అన్నదమ్ములకు నమస్కారం.

నిన్న కనుమనాడు మీరు ఆవులను వంశధారకు తోలుకుపోయి కడిగారు, కొమ్ములకు రంగులు పూశారు. శ్రావణంలో గమ్హా పున్నమికి ఒడియా ఇరుగుపొరుగువారితో కలిసి మళ్ళీ పూజ చేస్తారు. ఏడాదికి రెండుసార్లు ఆవుకు బొట్టు పెట్టే ఇళ్ళవారి ముందు ఆవు గొప్పతనం గురించి చెప్పవలసిన పని నాకు లేదు. ఇంటి ఆవు ఎదకు వచ్చినప్పుడు, అంటే చూడి కట్టడానికి సిద్ధమైనప్పుడు, దాన్ని ఏ ఆంబోతుతో దాటించాలి, ఏ జాతి బీజం సూది వేయించాలి అన్న ఒక్క నిర్ణయం గురించి మాత్రం చెప్పడానికి వచ్చాను. ఇందాక వీధిలో నడిచి వస్తుంటే, ఇప్పుడు ముందు వరుసలో కూర్చున్న అమ్మ నన్ను ఆపి, "బాబూ, మా పెయ్యకు జెర్సీ వేయించమంటావా, ఇంకేదైనా వేయించమంటావా?" అని అడిగారు. నిలబడిన చోటే ఒక్క మాటలో జవాబు చెప్పి పంపించడం నాకు చేతకాలేదు. ఆ జవాబు కోసమే ఈ ప్రసంగమంతా అనుకోండి.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు చూసిన దృశ్యం ఇది. తెల్లవారుజామున ఆవు అరుస్తూ ఉంటుంది, మేత ముట్టదు, వెనుక జిగురు తీగలు వేస్తుంది. ఇంటాయన ఫోను చేస్తాడు. ఇన్‌స్పెక్టరు మోటారు సైకిలు మీద నత్రజని డబ్బా కట్టుకుని వస్తాడు. మైనస్ 196 డిగ్రీల చలిలో ఉండే ఆ డబ్బాలో ఆ వారం పైనుంచి వచ్చిన స్ట్రాలు, అంటే ఆంబోతు బీజం నింపిన సన్నని గొట్టాలు, ఏవి ఉంటే అవే ఉంటాయి. ఇంటాయన "మంచిది వెయ్యండి బాబూ" అంటాడు, ఉన్నవాటిలో మంచిది పడుతుంది. ఆ ఇంట్లో తరువాత పదేళ్ళపాటు కట్టుగొయ్యకు ఎలాంటి పశువు ఉండాలో, దానికి ఎంత మేత కావాలో, ఎన్నిసార్లు మందులవాడిని పిలవాలో తేల్చే నిర్ణయం అలా ఐదు నిమిషాల్లో జరిగిపోతుంది. ఎద ఒక పూటకు కాస్త అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది కాబట్టి, ఆ పూట ఆలోచించడానికి తీరిక దొరకదు. అందుకే ఆవు ఈనిన రోజు నుంచి మళ్ళీ ఎదకు వచ్చే దాకా ఉండే రెండు నెలల్లోనే ఈ సంగతి ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలని, ఏ స్ట్రా కావాలో ఇన్‌స్పెక్టరుకు ముందే చెప్పి ఉంచాలని నేను కోరుతున్నాను.

తేల్చుకోవడం దేనితో మొదలుపెట్టాలి? చాలామంది పాలతో మొదలుపెడతారు. నేను గడ్డివాముతో మొదలుపెట్టమంటాను. మన వైపు తిరిగే చిన్న నాటు ఆవు 180 కిలోల బరువు ఉంటుందనుకుందాం. తేమ తీసేసి లెక్కకడితే, దానికి రోజుకు బరువులో నూటికి రెండున్నర వంతున మేత కావాలి, అంటే నాలుగున్నర కిలోలు. 320 కిలోల సంకర ఆవుకు నూటికి మూడు వంతున తొమ్మిదిన్నర కిలోలకు పైగా కావాలి. హోల్‌స్టీన్ అనే పెద్ద విదేశీ జాతి రక్తం ఎక్కువైన 450 కిలోల ఆవుకు పదమూడున్నర కిలోలు కావాలి. ఇప్పుడు మీ వాము చూడండి. ఎకరం వరిలో ధాన్యంతో సమానంగా గడ్డి వస్తుందని లెక్కవేసి 15 క్వింటాళ్ళు అనుకుంటే, రోజుకు ఐదు కిలోల చొప్పున అది ఒక చిన్న ఆవుకు 300 రోజులు వస్తుంది, రెండింటికైతే 150 రోజులకే అయిపోతుంది. పైగా వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు వంతులే ఉంటాయి. ఆవు కడుపులో మేతను పులియబెట్టే సూక్ష్మజీవులు సరిగా పనిచేయాలంటే కనీసం ఏడు వంతులైనా ఉండాలి. అందువల్ల గడ్డి ఎంత ఉన్నా, దానికి తోడు పచ్చిమేత, తవుడు, చెక్క లేకపోతే పెద్ద ఆవు తన ఒంట్లోని కండను కరిగించి పాలిస్తుంది. ఆ తరువాత ఎదకు రాదు. "జెర్సీ ఆవు కొన్నాం, మొదటి ఈతలో బాగా ఇచ్చింది, తరువాత గొడ్డుపోయింది" అని నా దగ్గర బాధపడిన ఇళ్ళలో చాలా వాటిలో ఆవు తప్పేమీ లేదు. దాని ఒంటికి సరిపడే మేత ఆ వాములో లేదు, అంతే.

కాబట్టి బోరు నీళ్ళు ఉండి, పది సెంట్ల నేలలోనైనా నేపియర్ గడ్డి ఏడాది పొడుగునా కోసుకోగల ఇల్లు ఒక రకంగా నిర్ణయించుకోవాలి. వేసవిలో ఊరి బీడు మీద, వాము మీద మాత్రమే ఆధారపడే ఇల్లు మరొక రకంగా నిర్ణయించుకోవాలి. పక్కింటివారి శాలలో ఏ ఆవు ఉన్నదో చూసి తేల్చుకునేది కాదు ఇది.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా అమ్మ పెంచుకున్న ఒక ఎర్రని నాటు పడ్డ, అంటే ఇంకా ఈనని పడుచు ఆవు, తొలిసారి ఎదకు వచ్చింది. అది చాలా చిన్న ఆవు. దాని నడుము నా తొడ దాటేది కాదు. పాలు ఎక్కువ రావాలన్న ఆశతో నేనే, నా చేతులతోనే, దానికి హోల్‌స్టీన్ స్ట్రా వేశాను. హోల్‌స్టీన్ జాతి దూడ పుట్టేటప్పుడే 40 కిలోల దాకా ఉంటుందని, జెర్సీ దూడ 25 కిలోల దగ్గర ఉంటుందని నేను శిక్షణలో చదువుకునే ఉన్నాను. చదివినదాన్ని మా అమ్మ ఆవు కటి ఎముకల వెడల్పుతో కలిపి చూసుకోలేదు. నెలలు నిండాక రాత్రంతా నొప్పులు పడింది. దూడను లాగవలసి వచ్చింది, దూడ దక్కలేదు. లోపల నరం నలిగి ఆవు వెనుక కాళ్ళు పట్టు తప్పాయి. నాలుగు రోజులు గోనెసంచులు పరిచి, పక్కలు మారుస్తూ మా అమ్మ దాని దగ్గరే కూర్చుంది. ఐదో రోజు పోయింది. మా అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ తరువాత ఏ ఇంట్లో తొలిచూలు పడ్డను చూసినా, టేపు తీసి కొలిచిన తరువాతే నేను డబ్బా మూత తెరిచాను.

ఆ కొలత మీరూ నేర్చుకోవచ్చు. దర్జీ టేపు చాలు. ముందుకాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకోండి. భుజం ముందు ఎముక నుంచి తోక పక్కన పొడుచుకు వచ్చే తుంటి ఎముక దాకా పొడవు తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, వచ్చినదాన్ని 660తో భాగిస్తే కిలోల్లో బరువు దాదాపుగా తెలుస్తుంది. పెద్దయ్యాక ఆ జాతి ఆవు ఎంత తూగుతుందో, అందులో నూటికి అరవై వంతులైనా వచ్చిన తరువాతే పడ్డను దాటించాలి. వయసు చూసి కాకుండా బరువు చూసి నిర్ణయించాలి. బాగా మేపిన సంకర పెయ్య ఏడాదిన్నరకే ఆ బరువుకు వస్తుంది, నాటు పెయ్యకు రెండున్నర మూడేళ్ళు పట్టవచ్చు. తొలి ఈతకు ఎప్పుడూ చిన్న దూడను ఇచ్చే జాతినే ఎంచుకోండి. మన చిన్న ఆవులకు విదేశీ రక్తం కలపదలిస్తే హోల్‌స్టీన్ కంటే జెర్సీ మేలు అనడానికి నాకున్న మొదటి కారణం ఇదే. జెర్సీ పాలలో వెన్న నూటికి ఐదు వంతుల దగ్గర ఉంటుంది కాబట్టి, వెన్న శాతం చూసి డబ్బిచ్చే పాల కేంద్రంలో నాలుగు రూపాయలు ఎక్కువ రావడం రెండో కారణం.

అయితే జెర్సీ మంచిదైతే మళ్ళీ మళ్ళీ జెర్సీయే వేయించవచ్చు కదా అని అడుగుతారు. ఈ దగ్గరే మన ఊళ్ళలో ఎక్కువ నష్టం జరిగింది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. నాటు ఆవుకు జెర్సీ స్ట్రా వేస్తే పుట్టే పెయ్యలో సగం జెర్సీ రక్తం, సగం నాటు రక్తం ఉంటాయి. దూరపు జాతులు కలిసిన ఆ మొదటి తరంలో సంకర బలం బాగా కనిపిస్తుంది. తల్లి పూటకు అర్ధలీటరు ఇస్తే కూతురు మూడు నాలుగు లీటర్లు ఇస్తుంది, వేడికీ జబ్బులకూ చాలావరకు తట్టుకుంటుంది. అది చూసి ఇంటివారు సంతోషించి, ఆ కూతురికి కూడా జెర్సీయే వేయిస్తారు. మనవరాలిలో నాలుగింట మూడు వంతులు జెర్సీ అవుతుంది, మునిమనవరాలిలో ఎనిమిదింట ఏడు వంతులు అవుతుంది. ఒక్కొక్క మెట్టు ఎక్కేకొద్దీ నాటు ఆవు ఇచ్చిన ఓర్పు తరుగుతుంది. పిడుదులు పట్టుకుంటాయి, చైత్ర వైశాఖాల్లో రొప్పుతుంది, సూది నిలవదు. కోరాపుట్ జిల్లా సునాబెడలో కేంద్ర ప్రభుత్వ క్షేత్రంలో అచ్చ జెర్సీలను పెంచుతున్నారు. అది సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉన్న చల్లని చోటు. అక్కడి ఆవుకు సరిపోయిన రక్తం వంశధార ఒడ్డున రేకుల శాలలో ఉండే ఆవుకు అదే పాళ్ళలో సరిపోదు.

అందుకని మన పల్లపు ప్రాంతంలో చిన్న ఇంటివారికి విదేశీ రక్తం సగం దగ్గర ఆపడం మంచిదని నా అభిప్రాయం. ఆపడానికి దారులు ఉన్నాయి. సగం రక్తం ఉన్న ఆవుకు సగం రక్తమే ఉన్న జెర్సీ సంకర ఆంబోతు స్ట్రా వేయిస్తే దూడలోనూ సగమే ఉంటుంది. మొదటి తరంలో కనిపించిన సంకర బలం అందులో కొంత తగ్గుతుంది, దూడలు ఒకదానికొకటి పోలిక లేకుండా పుడతాయి, అయినా మేతకు మించిన పశువు మాత్రం రాదు. రెండో దారి, సగం జెర్సీ ఆవుకు రెడ్ సింధీ గానీ సాహివాల్ గానీ వేయించడం. అప్పుడు దూడలో నాలుగో వంతు మాత్రమే జెర్సీ ఉంటుంది, సగం మన దేశపు పాల జాతి ఉంటుంది. పాలు కొంచెం తగ్గినా ఎండకు నిలుస్తుంది. పచ్చిమేత తక్కువగా ఉన్న ఇళ్ళకు నేను ఈ రెండో దారినే చెబుతూ వచ్చాను.

ఇదంతా చేయాలంటే ఆవు తల్లి ఏదో, తండ్రి ఏదో తెలియాలి. కొత్తూరు, పాతపట్నం వైపు నుంచి బంధువుల ద్వారా కొన్న ఆవైనా, సంతలో కొన్నదైనా, రంగు చూసి రక్తం పాళ్ళు చెప్పడం నాకే సాధ్యం కాదు. చెవికి వేసిన పసుపు బిళ్ళ మీద 12 అంకెల సంఖ్య ఉంటే, దానిమీద నమోదైన సూదుల వివరం మీ ఇన్‌స్పెక్టరు చూసి చెప్పగలరు. లేకపోతే ఈ రోజు నుంచైనా ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎద కనిపించిన తేదీ, సూది వేసిన తేదీ, స్ట్రా మీద రాసి ఉన్న జాతి, ఆంబోతు సంఖ్య, ఈనిన తేదీ, దూడ ఆడదా మగదా అన్న ఐదారు ముక్కలు చాలు. పిల్లల పాత పుస్తకంలో మిగిలిన నాలుగు కాగితాలు ఒక ఆవు జీవితానికి సరిపోతాయి.

మీరు తేల్చుకున్నా, తేల్చుకోకపోయినా, ఊరు తేల్చేసే కాలం ఒకటి ఉంది. వరి కోతలై కల్లాలు ఎత్తిన తరువాత మనం పశువులను వదిలేస్తాం. మాఘం నుంచి తొలకరి దాకా అవి ఎవరి పొలంలోనైనా తిరుగుతాయి. ఆ గుంపులో విత్తులు కొట్టించని కోడెలు పది ఉంటాయి. వాటిలో ఎదిగీ ఎదగని రెండేళ్ళ కోడెలే ముందుగా ఎద పసిగడతాయి. మీరు రెండు నెలలు ఆలోచించి ఎంచుకున్న స్ట్రా ఆ రోజు పనికిరాకుండా పోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఏమంటే, ఊరికి ఒకే ఆంబోతు ఉండి దాన్ని నాలుగైదేళ్ళు మార్చకపోతే, అది తన కూతుళ్ళనే దాటుతుంది. తండ్రి కూతుళ్ళ కలయికలో పుట్టిన దూడలో ఒకే మూలం నుంచి రెండువైపులా వచ్చిన రక్తం నాలుగో వంతు ఉంటుంది. అలాంటి దూడలు చిన్నవిగా, బలహీనంగా పుడతాయి, పెద్దయ్యాక చూడి నిలవడం కష్టమవుతుంది. ఆంబోతును వాడుకునే ఊరు దాన్ని మూడేళ్ళకోసారి మరో ఊరి ఆంబోతుతో మార్చుకోవాలి, పనికిరాని కోడెలకు సమయానికి విత్తులు కొట్టించాలి, ఆంబోతుకు బ్రూసెల్లోసిస్ లేదని పరీక్ష చేయించాలి. ఆ జబ్బు ఆవులకు ఈసుకుపోవడం, అంటే నెలలు నిండకముందే దూడ పడిపోవడం, తెస్తుంది, పాలు పితికేవారికీ అంటుతుంది. ఆడదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు దానికి టీకా ఉంది, ఒక్కసారి వేస్తే చాలు.

ఆంబోతు పనికిరాదని నేను అనడం లేదు. కొండవాలు ఊళ్ళలో, ఇన్‌స్పెక్టరు రావడానికి సగం రోజు పట్టే చోట, మంచి ఆంబోతే సరైన దారి. మల్కనగిరి మోటు జాతి, గంజాం ఘుముసరి జాతి మన రాష్ట్రంలో గుర్తింపు పొందిన నాటు జాతులు. ఒళ్ళు చిన్నది, డెక్క గట్టిది, కొండ పల్లం మడుల్లో నాగలి లాగడానికి వాటి ఎడ్లకు సాటి లేదు. ట్రాక్టరు దిగని మడి ఉన్న ఇంటివారు పాల కోసం ఆ రక్తాన్ని పోగొట్టుకుంటే తరువాత ఎడ్ల జత కొనడానికి అప్పు చేయవలసి వస్తుంది. అలాంటి ఇంట్లో ఒక ఆవును నాటు ఆంబోతుకే దాటించి, రెండో ఆవు ఉంటే దానికి మాత్రం సంకర సూది వేయించడం న్యాయం.

మగదూడ పుడితే ఏం చేయాలన్న బాధ అందరికీ ఉంది. ఆడదూడలే పుట్టే స్ట్రాలు ఇప్పుడు వస్తున్నాయి. ఆంబోతు బీజంలో ఆడదూడనిచ్చే కణంలో మగదూడనిచ్చే కణంకంటే నూటికి నాలుగు వంతుల దాకా ఎక్కువ జన్యు పదార్థం ఉంటుంది, ఆ తేడాతో యంత్రం వాటిని వేరు చేస్తుంది. నూటికి తొంభై దాకా పెయ్యలే పుడతాయి. అయితే వడకట్టడంలో బీజకణాలు అలిసిపోతాయి కాబట్టి చూడి నిలిచే అవకాశం మామూలు స్ట్రా కంటే తక్కువ. ఒళ్ళు చేసిన ఆరోగ్యమైన పడ్డకు వాడండి, రెండుసార్లు సూది నిలవక తిరిగి ఎదకు వచ్చిన ముసలి ఆవుకు వద్దు.

ఇక కాలం. సూది వేసిన రోజు నుంచి సుమారు 280 రోజులకు ఆవు ఈనుతుంది, నాటు ఆవు మరో వారం ఎక్కువ మోస్తుంది. ఆషాఢ శ్రావణాల్లో సూది వేయిస్తే చైత్ర వైశాఖాల మంటల్లో, వాము అడుగంటిన రోజుల్లో ఈనుతుంది. పుష్య మాఘాల్లో వేయిస్తే ఆశ్వయుజ కార్తీకాల్లో, గట్ల మీద పచ్చిక ఉండగా ఈనుతుంది. వేసవిలో పాలకు ధర ఎక్కువని కొందరు మొదటి దారి పడతారు. నీళ్ళూ పచ్చిమేతా ఉన్నవారికి అది చెల్లుతుంది, మిగిలినవారు ఆ ఆశకు పోకూడదు. ఎద ఉదయం కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాడు ఉదయం సూది వేయించాలి. ఒకే ఆవు ఉన్న ఇంట్లో దానిమీద ఎక్కే మరో ఆవు ఉండదు కాబట్టి ఎద తెలియకుండా దాటిపోతుంది. తోకకు నెత్తురు చార కనిపిస్తే ఎద అయిపోయిందని అర్థం. ఆ రోజున సూది వేయించి డబ్బు పోగొట్టుకోకండి, గోడ మీద గీత గీసి, అక్కడి నుంచి పద్దెనిమిదో రోజు తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు శాలలోకి వెళ్ళి చూడడం మొదలుపెట్టండి.

ఇప్పుడు అమ్మా, మీ పెయ్య మాట. సభ మొదలయ్యే ముందు మీ ఇంటికి వెళ్ళి కొలిచి వచ్చాను. ఛాతీ 56 అంగుళాలు, పొడవు 46 అంగుళాలు. లెక్కకడితే 218 కిలోలు వచ్చింది. తల్లి నాటుది, తండ్రి జెర్సీ అని మీ అబ్బాయి చెప్పాడు కాబట్టి సగం రక్తం. 320 కిలోల సంకర ఆవు లెక్కన అరవై వంతులు దాటింది, అయినా తొలిచూలు కాబట్టి ఇంకా పదిహేను కిలోలైనా పెరగనివ్వండి. రోజుకు కిలో తవుడూ చెక్కా కలిపి, ఖనిజ మిశ్రమం ఒక గుప్పెడులో సగం వేసి పెడితే రోజుకు 400 గ్రాములు పెరుగుతుంది. వచ్చే రెండు ఎదలు వదిలేయండి, నలభై రోజుల తరువాత మళ్ళీ కొలుద్దాం. ఆ నలభై రోజులూ దాన్ని ఊరి మందలోకి వదలకండి. మీ పెరటిలో బోరు లేదు, పచ్చిమేత కార్తీకం దాటితే ఉండదు, కాబట్టి అచ్చ జెర్సీ వద్దు. రెడ్ సింధీ స్ట్రా కావాలని మీ ఇన్‌స్పెక్టరుకు ఈ రోజే చెప్పి ఉంచండి, దొరకకపోతే సగం రక్తపు జెర్సీ సంకర స్ట్రా అడగండి. ఫాల్గుణంలో నిలిస్తే మార్గశిరంలో ఈనుతుంది, అప్పటికి మీ కొత్త వాము వేసి ఉంటుంది.